షాపు మూసిన పదో రోజు

ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జూలై చివరికి మద్యం షాపు మూసి దాదాపు పది రోజులైంది. ఊళ్లో కరోనా కేసులు పెరగడంతో రాకపోకలు కట్టడి చేశారు. దాంతోపాటే షాపుకూ తాళం పడింది. మెడికల్ షాపులు మాత్రం అత్యవసరం కాబట్టి తెరిచే ఉన్నాయి. ఆ రోజుల్లో ఏ మెడికల్ షాపుకు పోయినా కౌంటర్ మీద ముందు కనబడేవి శానిటైజర్ సీసాలే. వాటిని కొని నీళ్లలోనో కూల్‌డ్రింకులోనో కలుపుకుని తాగినవాళ్లు ఆ నెలాఖరులో ఒకరి వెనక ఒకరు చనిపోయారు. మొత్తం పది మందికి పైనే. వాళ్లలో గుడి దగ్గర బిచ్చమెత్తుకునేవాళ్లున్నారు, కూలీనాలీ చేసుకునేవాళ్లున్నారు. ప్రత్యేక దర్యాప్తు బృందం వేశారు, అరెస్టులు జరిగాయి. టీవీల్లో రెండు మూడు రోజులు నడిచి ఆ వార్త పోయింది.

అప్పుడు చాలామంది అన్న మాట ఒకటే: అంత తెలివిలేకుండా ఎలా తాగారు? ఆ మాట అనడం సులువు. తాగినవాళ్లు సీసా మీద చదవగలిగిన ఒకే ఒక్క మాట 'ఆల్కహాల్'. ధర చూస్తే క్వార్టర్ కంటే తక్కువ.

ఆల్కహాల్ అనే పేరు కింద వేర్వేరు సరుకులున్నాయి. మనుషులు తాగేది ఇథనాల్. సరైన శానిటైజర్‌లో ఉండేది ఇథనాల్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అది కూడా నూటికి అరవై డెబ్బై పాళ్లు ఉంటుంది కాబట్టి సరైన సరుకైనా తాగడానికి పనికిరాదు. చవకగా దొరికే మిథనాల్ కలిస్తే ఇక అది విషమే. దాని దుర్మార్గం ఏమిటంటే, తాగగానే తేడా తెలియదు. మామూలు మత్తులాగే ఎక్కుతుంది, మనిషి పడుకుంటాడు. ఈలోపు కాలేయం దాన్ని ఫార్మిక్ యాసిడ్‌గా మారుస్తుంది. చీమ కుడితే మంట పుట్టించేది ఆ యాసిడే. పన్నెండు గంటలకో, మర్నాటికో కడుపులో నొప్పి, వాంతులు, ఆయాసం, కళ్ల ముందు తెల్లటి పొర. రాత్రి తాగిందే దీనికి కారణమని అప్పటికి ఎవరికీ తట్టదు. ఆస్పత్రిలో దీనికి ఇచ్చే విరుగుళ్లలో ఇథనాల్ ఒకటి. డాక్టర్ లెక్కకట్టి ఇచ్చేది, ఇంట్లో చేసుకునే వైద్యం కాదు. అయినా, తాళం వేసిన షాపులో ఉన్నదీ ఆస్పత్రిలో విరుగుడుగా ఇచ్చేదీ ఒకటే పదార్థం అనుకుంటే మనసు ఒక రకంగా అయిపోతుంది.

కురిచేడు కథ కురిచేడులో మొదలవలేదు. నాలుగు నెలలు వెనక్కి పోవాలి. రాష్ట్రంలో తొలి కరోనా కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే బయటపడింది, ఇటలీ నుంచి వచ్చిన ఒక విద్యార్థికి. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆదివారం కోడికూరతో ఒక రౌండు వేసుకునేవాళ్లు మానేశారు. 'నలభై రోజులు ముట్టలేదు' అని ఫోన్లలో గొప్పలు చెప్పుకున్నవాళ్లు నాకు బాగానే తెలుసు. రోజూ ఒంటికి పడాల్సినవాళ్ల సంగతి వేరు.

ఒంగోలులో మా వీధిలో ఒక తాపీమేస్త్రీ ఉండేవాడు. ఇటుక మీద ఇటుక పెడితే దారం పట్టి చూడక్కర్లేదని పేరు. మూడో రోజు పొద్దున ఆయన టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే పోయింది. ఒళ్లంతా చెమట, కాళ్లూ చేతులూ వణుకు. రాత్రయ్యేసరికి గోడ మీద ఎవరో పాకుతున్నారని కేకలు. భార్య కరోనా జ్వరమే అనుకుని పారాసెటమాల్ వేసి వేరే గదిలో పడుకోబెట్టింది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఇలా అవుతుందనీ, చూసుకోకపోతే ప్రాణం మీదికి వస్తుందనీ ఆమెకు ఎవరు చెప్పాలి? కరోనా కాలర్ ట్యూన్‌లో ఆ ముక్క లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రికి ఆ వారం ఇలాంటి కేసులే వరస కట్టాయి. కేరళ ప్రభుత్వమైతే డాక్టర్ చీటీ ఉన్నవాళ్లకు మద్యం ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. డాక్టర్లు ఒప్పుకోలేదు, హైకోర్టు ఏప్రిల్ 2న ఆపేసింది. ఆ ఉత్తర్వు తప్పే అనుకుందాం. కనీసం సమస్య ఉందని ఒప్పుకుంది కదా, మన దగ్గర అది కూడా జరగలేదు.

అసలు మన భాషలోనే ఒక చిక్కుంది. జబ్బుకు వేసుకునేదీ మందే, సీసాలోదీ మందే. జలుబు చేస్తే చెంచాడు బ్రాందీ పట్టించే అలవాటు మన పెద్దవాళ్లకు ఉండేది. చేతుల మీద వైరస్‌ను ఆల్కహాల్ చంపుతుందని రోజూ టీవీలో చెబుతుంటే, గొంతులోది కూడా చస్తుంది కదా అని లెక్కలు వేసినవాళ్లు మన ఊళ్లలోనే కాదు, ఇరాన్‌లోనూ ఉన్నారు. అక్కడ 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో మిథనాల్ తాగి వందల మంది పోయారు. తాగితే కరోనా రాదన్నది అబద్ధమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

షాపులు మూయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం 1954 నవంబర్‌లో కూలింది మద్యనిషేధం గొడవ మీదే, అదీ ఒక్క ఓటు తేడాతో. మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చిన నిషేధాన్ని ఉంచాలా తీయాలా అన్నది అప్పటి తగాదా. తర్వాతి కాలంలో ప్రభుత్వమే సారా అమ్మకానికి పూనుకుంది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరికీ చేరాయి. చొక్కా జేబులో పట్టే ప్యాకెట్, మూల కొరికి నోట్లో పిండుకోవడమే. పొలానికి పోయే దారిలోనే దొరికేది.

దాన్ని ఆపింది నెల్లూరు జిల్లా ఆడవాళ్లు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి పోయి చదువుకున్న పాఠాల్లో తాగుబోతు మొగుడితో వేగే ఆడమనిషి కథ ఒకటి. అది తమ ఇంటి కథే అని వాళ్లకు తోచింది. 1991-92లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటివాళ్లు సారా దుకాణం మూయించారు. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊళ్లకు ఊళ్లు అదే దారి పట్టాయి. సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. దూబగుంటలో షాపు మూయించిన మనిషి, ఆ రాత్రి ఇంట్లో వణికే మొగుణ్ని కూడా చూసుకున్న మనిషి. ఎవరికి ఏమవుతోందో ఊరికి తెలుసు. దాన్ని మరీ అందంగా చెప్పడం నాకిష్టం లేదు. నిషేధం రోజుల్లో తుమ్మచెక్క, నల్లబెల్లం ఊరబెట్టి నాటుసారా కాసిన వాగులు మా వైపు బోలెడు. కానీ కురిచేడులో మూసింది కరోనా కట్టడి. లోపల ఉన్నవాళ్లు తిన్నారా, పడుకున్నారా, వణుకుతున్నారా అన్నది ఎవరి డ్యూటీలోనూ లేదు. ఒంగోలు పెద్దాసుపత్రికి పోదామన్నా గుంటూరు-గుంతకల్లు లైన్లో ఊరికున్న రైల్వే స్టేషన్‌లో ప్యాసింజర్ బండ్లు ఆగడం మానేసి నెలలైంది. గుడి అరుగు మీద పడుకునేవాడికి ఫోన్ చేసే దిక్కు కూడా ఉండదు.

దూబగుంటకూ కురిచేడుకూ మధ్య ఇంకో అడుగుంది. 2019 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో షాపులు ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చాయి. దశలవారీ నిషేధం అన్నారు. 4,380 షాపులు 3,500 అయ్యాయి, 2020లో 2,934కి దిగాయి. లాక్‌డౌన్ తర్వాత మే 4న తెరిస్తే కిలోమీటర్ల క్యూలు. రెండు రోజుల్లో ధర మొత్తం 75 శాతం పెంచారు, తాగేవాళ్లు తగ్గుతారని. డబ్బున్నవాడికి పెద్ద తేడా పడలేదు. మధ్యలోవాడు ఒక క్వార్టర్‌ను ఇద్దరుగా పంచుకున్నాడు, లేదా షాపు పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములు లేవు కాబట్టి ఇంటికి తెచ్చుకుని పిల్లల ముందే తాగాడు. కింద ఉన్నవాడు నాటుసారాకు, అదీ దొరక్కపోతే కౌంటర్ మీది సీసాకు దిగాడు.

2021లో టీకాలు వచ్చాయి. దాంతోపాటు ఒక పుకారు కూడా వచ్చింది, సూది వేయించుకుంటే నలభై రోజులు మందు ముట్టకూడదని. రష్యాలో ఒక అధికారిణి నిజంగానే అలాంటి మాట అన్నారు, అది ఇక్కడిదాకా పాకింది. కావలి దగ్గర ఒక స్కూల్లో జరిగిన క్యాంపులో ఉన్నాను. లైన్లో నడివయసు మనిషి ఒకాయన, వంతు వచ్చేసరికి చొక్కా చెయ్యి పైకి లాక్కోకుండా అలాగే నిలబడ్డాడు.

"అమ్మా, ఇది ఏయించుకుంటే ఎన్నాళ్లు మానాల?"

ఏఎన్ఎమ్ ఆయన చేతుల వంక చూసింది. "ఈ రెండు రోజులు తగ్గించుకో అబ్బయ్యా. ఒకేసారి మానమని నేను చెప్పటంలా. ఒళ్లు వణికితే నా దగ్గరికే రా, ఆ మెడికల్ షాపుకి పోబాక."

ఆయన కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు.