గుర్రాలు పోయాక ఆ సావిడిని నిలబెట్టిందెవరు?

ఇంగ్లండ్‌లో రోథర్‌హామ్ దగ్గరి వెంట్‌వర్త్ వుడ్‌హౌస్ అనే పాత బంగళా తాలూకు గుర్రపుశాల మళ్లీ నోళ్లలో నానుతోంది. 84 గుర్రాల కోసం కట్టిన దాన్ని విందులకూ వేడుకలకూ ఇస్తే బాగుచేసినట్టా, పాడుచేసినట్టా అన్నది తగువు. ఒకప్పటి యజమానులైన ఫిట్జ్‌విలియం వంశపు కథలు చాలామంది రాసేశారు. నా మటుకు అసలు మలుపు 1949.

అంతకు మూడేళ్ల ముందు ఇంధన మంత్రి ఇమాన్యుయేల్ షిన్‌వెల్ ఆ తోటలో ఓపెన్‌కాస్ట్ తవ్వకానికి, అంటే బొగ్గు కోసం పైమట్టినంతా ఎత్తిపోసే తవ్వకానికి సరేనన్నారు. మట్టి దిబ్బలు బంగళా దాకా లేచాయి. ప్రభుత్వం బొగ్గు కరువంది, యజమానులు కక్షసాధింపన్నారు. తవ్వకం వద్దన్నవాళ్లలో గని కార్మికుల నాయకుడు జో హాల్ కూడా ఉన్నారు. అక్కడితో ఆగక, నిలువ నీడలేని కార్మిక కుటుంబాల కోసం బంగళానే తీసుకోవాలని ఆరోగ్యశాఖ చూసింది. యజమాని ఎర్ల్ ఫిట్జ్‌విలియం దానమిస్తానన్నా, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ వద్దంది.

అప్పుడు దారి చూపింది ఆ ఇంటి ఆడపడుచే. సోషలిస్టు లేడీ మేబెల్ స్మిత్ మధ్యవర్తిత్వంతో కౌంటీ కౌన్సిల్ లీజుకు తీసుకుంది. ఆమె పేరిట వ్యాయామ ఉపాధ్యాయినుల కళాశాల వెలిసింది. గుర్రపుశాల కూడా కళాశాల వాడకంలోకి వచ్చింది. ఆ మార్పులను మచ్చలుగా చూసేవాళ్లున్నారు. మనుషులు మసలకపోతే ఆ కప్పుల గతేమిటో మాత్రం వాళ్లు చెప్పరు.

వాళ్లు కోరుకునే 'అసలు రూపం' పద్దెనిమిదో శతాబ్దపు యజమాని రెండో మార్క్విస్ రాకింగ్‌హామ్ నాటిది. బ్రిటన్‌కు రెండుసార్లు ప్రధాని అయిన ఆయనకు పందెపు గుర్రాల పిచ్చి. చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ చేత విజిల్‌జాకెట్ అనే గుర్రాన్ని నిలువెత్తున గీయించింది ఆయనే. 1760ల్లో యార్క్ వాస్తుశిల్పి జాన్ కార్ ఈ గుర్రపుశాల పని చేపట్టారు. నాలుగు వైపులా రాతి కట్టడం, నడుమ విశాలమైన ముంగిలి. ప్రధాన ద్వారానికి బరువైన కమాను, అటూఇటూ నగిషీలు లేని టస్కన్ శైలి స్తంభాలు, పైన చిన్న గుమ్మటం. కొత్తగా వచ్చినవాళ్లు దీన్నే బంగళా అనుకుంటారు. ఆ పొరపాటే కోరుకుని కట్టించారేమో!

1979లో కళాశాల షెఫీల్డ్ సిటీ పాలిటెక్నిక్‌లో కలిసింది. నిర్వహణ భారం మోయలేక 1988లో ఆ సంస్థ లీజు వదులుకుంది. ఆపైన బంగళా ప్రైవేటు చేతులు మారింది. 2016లో మరమ్మతులకు ప్రభుత్వం 76 లక్షల పౌండ్లు ప్రకటించింది. మరుసటి ఏడు పరిరక్షణ ట్రస్టు 70 లక్షలకు ఎస్టేటును కొన్నది. ఇంత ఆస్తికి ఆ నిధులు ఏ మూలకు? వేడుకల అద్దె వద్దనేవాళ్లు ముందు ఆ లెక్కకు జవాబివ్వాలి.