ఎలికాట్ సిటీ రైల్వే స్టేషన్: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత రాతి కట్టడాల మరమ్మతు నా వృత్తి. అమెరికాలో, మేరీల్యాండ్‌లోని ఎలికాట్ సిటీ స్టేషన్ అంటే నాకు ప్రాణం. దాని గురించి తరచూ వినే మాటలు కొన్ని సరిదిద్దాలి.

అపోహ: ప్రయాణికుల కోసం కట్టారు.

వాస్తవం: కట్టింది సరుకుల కోసం. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే 1830 మేలో తెరిచిన తొలి 13 మైళ్ల లైను ఈ ఊళ్లోనే ఆగింది. అప్పటి పేరు ఎలికాట్స్ మిల్స్. పేరుకు తగ్గట్టే పిండిమరల ఊరు, ఆ పిండి బాల్టిమోర్‌కు చేరాలి. 1831లో పూర్తయిన ఈ కట్టడాన్ని కింద వీధిలో నిలబడి చూడండి. పట్టాలు మీ తలకన్నా పైన, పై అంతస్తు మట్టంలో ఉంటాయి. ఏటవాలు నేలను చదును చేయకుండా, ఆ ఎత్తుపల్లాన్నే వాడుకున్నారు: రైలుకు పై అంతస్తు, వీధికి కింది అంతస్తు. గోడలకు స్థానిక గ్రానైటే. మరి ప్రయాణికులో? మొదట్లో పక్కనున్న పటాప్స్కో హోటల్లో కూర్చునేవారు. స్టేషన్లో వాళ్లకు చోటు దొరికింది 1850లలోనే.

అపోహ: మొదటి రోజు నుంచే ఆవిరి ఇంజన్లు నడిచాయి.

వాస్తవం: లాగింది గుర్రాలు. పీటర్ కూపర్ తయారుచేసిన చిన్న ఇంజన్ ‘టామ్ థంబ్’ 1830 ఆగస్టులో ఇక్కడిదాకా వచ్చి వెళ్లింది, కానీ అది ప్రయోగం మాత్రమే.

అపోహ: ప్రపంచంలోనే అన్నిటికన్నా పాత స్టేషన్.

వాస్తవం: అమెరికాలో మిగిలినవాటిలో పాతది ఇదే. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ లివర్‌పూల్ రోడ్ స్టేషన్ 1830 సెప్టెంబరులోనే తెరుచుకుంది.

అపోహ: ఇలాంటి రాతిగోడ సందుల్లో సిమెంటు కూరితే గట్టిపడుతుంది.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. గ్రానైట్ నీటిని పెద్దగా పీల్చదు. గోడలోకి చేరిన తడి బయటపడేది రాళ్ల సందుల్లోని సున్నం గుండానే. గానుగ సున్నంతో కట్టిన మన పాత మేస్త్రీలకు ఇది బాగా తెలుసు. సందులు సిమెంటుతో మూస్తే తడి లోపలే నిలిచి, గోడలో దిగిన దూలాల చివర్లు కుళ్లుతాయి. 1972లో, మళ్లీ 2016, 2018లలో వరదలు చూసిన ఊరిది. ఇక్కడ గోడ ఆరడం మరీ ముఖ్యం. ఇప్పటికే ఎక్కడైనా సిమెంటు కూరి ఉంటే ఉలి, సుత్తితో నెమ్మదిగా తీయండి. గ్రైండర్ పెట్టారంటే రాళ్ల అంచులు పోతాయి.