ఇల్లు కొన్నవారి వీడియో అభిప్రాయాలు: అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఇళ్లు ఇప్పించడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది తెలుగువాళ్లే. కొన్నవారి చేత వీడియోలో మాట్లాడించే విషయంలో మా వృత్తిలో పాతుకుపోయిన నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: రిజిస్ట్రేషన్ రోజే వీడియో తీయాలి.

ఆ రోజు మనుషులు అలసిపోయి ఉంటారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట పూలగుత్తి ఇచ్చి నిలబెడితే "చాలా బాగా చూపించారు" అనడానికి మించి ఏం చెప్పగలరు? ఖాతాలో, అంటే నగరపాలక ఆస్తి రికార్డులో, పేరు మారాలి, ఒక వేసవి గడవాలి. 2024 నీటి కొరత చూసిన ఊరు ఇది. ట్యాంకరుకు ఎంత పోస్తున్నారో తెలిశాక చెప్పే మాటనే కొనబోయేవారు నమ్ముతారు.

అపోహ: మాటలు మనమే రాసివ్వాలి, ఇంగ్లీషులో అయితే ఇంకా హుందాగా ఉంటుంది.

కాగితం చదివే కళ్లను కెమెరా పట్టేస్తుంది. అనంతపురం నుంచి వచ్చి స్థిరపడిన ఒక టీచరు ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండుసార్లు ఆగిపోయారు. "తెలుగులోనే చెప్పండమ్మా, మొదట దేనికి భయపడ్డారు?" అన్నాను. "ముందు చూసిన ఫ్లాటుది బి ఖాతా (అనుమతుల్లో లోపాలున్న ఆస్తుల రికార్డు) అన్నారు. లోను రాదేమోనని రెండు రాత్రులు నిద్ర పట్టలేదండీ" అన్నారు. ఆ వీడియో చూసి వచ్చినవారు నన్ను మొదట అడిగేది ఖాతా సంగతే. ఆ భయం వాళ్లదీ కాబట్టి. ఆమె లిఫ్టు ఆలస్యం గురించి కూడా ఫిర్యాదు చేశారు. దాన్ని కత్తిరించలేదు.

అపోహ: కమీషనులో కొంత తగ్గించి మాట్లాడిస్తే తప్పు లేదు.

తప్పే. ప్రకటనల్లో ఎవరైనా మెచ్చుకుంటే, వారికీ అమ్మేవారికీ మధ్య ఉన్న లావాదేవీని దాచకూడదని 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఏజెంట్లు తమ సేవల గురించి తప్పుడు మాట చెప్పడాన్ని నిషేధించింది. నోటిమాటకూ, రాతకూ, చూపించే దృశ్యానికీ అది వర్తిస్తుంది.

అపోహ: ఒకసారి ఇచ్చాక వీడియో మనదే.

ఎక్కడ పెడతామో రాసి సంతకం తీసుకోవాలి. ఫ్లాటు నంబరు, పిల్లల ముఖాలు కనిపించకూడదు. ఒక దంపతులు ఏడాది తర్వాత తీసేయమన్నారు. కారణం అడగకుండా ఆ సాయంత్రమే తీసేశాను.