మ్యాజిక్ నేర్చుకుంటున్న మన గుంటలకి

గుంటలూ,

మొన్న మీ స్కూల్ యాన్యువల్ డేకి వచ్చాను, స్టేజీ మీద నుంచి మీరు చూశారో లేదో గానీ చివర్నుంచి మూడో వరసలో కూర్చుని మీ మ్యాజిక్ షో మొత్తం చూశాను. చేతి పని చాలా బాగుంది, మొహమాటానికి అనటం లేదు. తాడు కోసి అతికించిన ఐటం మీ వయసులో నాకు అంత శుభ్రంగా రాలేదు. అయినా ఐదో ఐటం వచ్చేసరికి జనం చెదిరిపోయారు, ముందు వరసలో అమ్మలు చీరల గురించి మాట్లాడుకుంటున్నారు, మగాళ్ళు ఫోన్లు తీశారు, చిన్నపిల్లలు ఒకడి వెనకాల ఒకడు నీళ్ళకని లేచారు. మీరు స్టేజీ దిగి మొహాలు చిన్నబుచ్చుకుని "తాతా, ఒక్క ట్రిక్కు కూడా తప్పు పోలేదు కదా, మరెందుకిలా అయింది" అని అడిగారు. ఆ హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను, ఇంటికొచ్చాక కూడా అదే బుర్రలో తిరుగుతుంటే ఇదిగో కూర్చుని రాస్తున్నాను.

మీరు ట్రిక్కులన్నీ యూట్యూబ్‌లో నేర్చుకున్నారు. తప్పేం లేదు, మా రోజుల్లో అలాటిది ఉంటే నేను రాత్రుళ్ళు పడుకునేవాణ్ణే కాదు. కాకపోతే అక్కడ ఒక చిక్కుంది, కెమెరా ఎప్పుడూ చేతుల మీదే ఉంటుంది. ఆ మ్యాజిక్ చేసేవాడి ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఎప్పుడు ఊపిరి బిగబట్టారు, ఎప్పుడు పక్కవాడి వైపు తిరిగారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ అనుమానం పడ్డారు, ఇదేదీ కనపడదు. మీరు ఆ చేతుల్నే వందసార్లు వెనక్కి తిప్పి తిప్పి చూశారు, కాబట్టి చేతులు వచ్చేశాయి. రెండో సగం ఆ వీడియోలో లేనే లేదు, అది మీకెక్కడి నుంచి వస్తుంది?

నాకు ఆ రెండో సగం మన ఒడిశాలోని గుణుపూర్ సంతలో దొరికింది. నాకప్పుడు పన్నెండేళ్ళుంటాయి, మా నాన్నతో పర్లాకిమిడిలో చిన్న రైలు ఎక్కి వెళ్ళేవాణ్ణి, అప్పటికింకా బ్రాడ్‌గేజ్ కాలేదు, ఆ రైలు అంత మెల్లిగా పోయేది. సంతలో ఒక గారడీ ఆయన వచ్చేవాడు. మొదటి రెండు మూడు సార్లు అందరిలాగే నేనూ ముందు కూర్చుని ఆయన చేతులు చూశాను, ఏమీ అర్థం కాలేదు. ఒకసారి ముందు చోటు దొరక్క ఆయన వెనకాల ఉన్న చింతపండు బస్తాల మీదకెక్కి నిలబడ్డాను, అక్కడి నుంచి ఆయన వీపూ ఆయన ముందున్న జనం మొహాలూ కనపడ్డాయి. ఆ రోజు నేను నేర్చుకున్నంత మళ్ళీ ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు.

ఆయన రాగానే అరిచేవాడు కాదు. చెంబుతో నీళ్ళు తెచ్చి, సన్నటి ధారగా నేల మీద గుండ్రంగా పోసుకుంటూ తిరిగేవాడు, అంతే. ఒక మనిషి దుమ్ములో నీళ్ళతో గీత గీస్తుంటే ఎవరు ఆగరు చెప్పండి? పిల్లలు వచ్చి సరిగ్గా ఆ గీత పక్కనే కూర్చునేవాళ్ళు, వాళ్ళ వెనకాల పెద్దవాళ్ళు నిలబడేవాళ్ళు, ఎవర్నీ "జరగండి" అని అననక్కర్లేకుండానే ఆయనకి కావలసినంత చోటు మిగిలేది. తర్వాత నడిమధ్యలో ఒక బుట్ట బోర్లించి దాని మీద ఎర్రగుడ్డ కప్పేవాడు. అందులో ఏముందో చెప్పేవాడు కాదు. మూడు గిన్నెలు, గుడ్డ ఉండలు పెట్టుకుని ఆట మొదలెట్టేవాడు, ఇటు గిన్నె కింద ఉండ అటు గిన్నె కిందకి వెళ్ళడం, ఒకటి రెండవడం, ఇలా. నడుమ ఎక్కడైనా జనంలో ఒకడు కాలు వెనక్కి వేశాడంటే చాలు, ఆయన ఆట ఆపి ఎర్రగుడ్డ దగ్గరికెళ్ళి చెవి ఆనించి విని తల ఊపేవాడు. ఒక్క మాట లేదు. వెళ్ళబోయినవాడి కాలు మళ్ళీ ముందుకొచ్చేది, బస్తాల మీద నుంచి అదంతా నేను కళ్ళారా చూశాను! డబ్బులు పోగుచేసుకున్నాకే గుడ్డ తీసేవాడు, లోపల ఒక పసుపురంగు కోడిపిల్ల కీచుకీచుమంటూ ఉండేది, అంతే. ఆ కోడిపిల్ల కోసం వంద మంది ఎండలో అరగంట నిలబడేవారు.

పెద్దయ్యాక మ్యాజిషియన్ పి.సి. సర్కార్ గారి గురించి చదివినప్పుడు నాకు వెంటనే ఆ ఎర్రగుడ్డే గుర్తొచ్చింది. ఆయన టాంగైల్‌లో పుట్టిన బెంగాలీ, 'ఇంద్రజాల్' పేరుతో దేశాలన్నీ తిరిగి షోలు చేశాడు, 1971లో జపాన్‌లో షోల మధ్యలోనే చనిపోయాడు. ఆయన షోలో ఒక చెంబు ఉండేది. దాన్ని ఎత్తి నీళ్ళన్నీ వంపేసేవాడు, ఖాళీ అయిపోయిందని చూపించి పక్కన పెట్టేవాడు, వేరే పెద్ద ఐటం ఏదో చేసేవాడు, మళ్ళీ వచ్చి అదే చెంబు ఎత్తితే మళ్ళీ నీళ్ళు. ఇలా షో పొడుగునా. ఆ చెంబు ఒక్కటే చేసి చూపిస్తే చిన్న ట్రిక్కు, రెండు నిమిషాల్లో మర్చిపోతారు. ఐటం ఐటం నడుమా అది తిరిగొస్తుంటే జనం దానికోసం ఎదురుచూస్తారు, దండలో దారం లాగా మొత్తం షోని పట్టి ఉంచుతుంది. మీ షోలో లేనిది అదే అమ్మలూ. తాడు, తర్వాత పేకముక్క, తర్వాత జేబురుమాలు, ఒకటి అయిపోయాక ఒకటి, దేనికీ దేనితో సంబంధం లేదు. మూడో ఐటం చూసినవాడు నాలుగోదాని కోసం ఎందుకు కూర్చోవాలి?

ఇంక ఇంకొకళ్ళ షో ఎలా చూడాలో చెప్తాను. ఒకే మ్యాజిషియన్‌ని మూడు సార్లు చూడండి. మొదటిసారి మామూలుగా, హాయిగా, ఏమీ కనిపెట్టాలని చూడకుండా, మీకు ఎక్కడ ఆశ్చర్యం కలిగిందో అది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ మొదటి ఆశ్చర్యం మళ్ళీ రాదు. రెండోసారి వీడియో అయితే సౌండ్ తీసేసి చూడండి, ఆయన కళ్ళు ఎటు పోతున్నాయో, ఒళ్ళు ఎప్పుడు వదులైందో చూడండి. తర్వాత కళ్ళు మూసుకుని మాట ఒక్కటే వినండి, ఎక్కడ ఆగాడో లెక్కపెట్టండి. అదే లైవ్ షో అయితే రెండోసారి వెళ్ళినప్పుడు పక్కకి వెళ్ళి నిలబడి స్టేజీ వైపు కాకుండా జనం వైపు చూడండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ చెయ్యండి. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర, అదే అమ్మవారి జాతర, అవుతుంది కదా, అక్కడ పులివేషం వేసినవాళ్ళని కూడా ఇలాగే చూడండి, వాళ్ళు మ్యాజిక్ చెయ్యరు, అయినా ఒక అడుగు వేసి ఆగి తల తిప్పడంలో వీధి మొత్తాన్ని ఎలా పట్టుకుంటారో చూస్తే మీకు ఎంతో పనికొస్తుంది.

రూపాయి బిళ్ళ మాయం చెయ్యడం మీకందరికీ వచ్చు కదా, దాన్నే తీసుకోండి. బిళ్ళ కుడిచేతిలో ఉంది, ఎడమచేతిలోకి ఇచ్చినట్టు చేసి కుడిచేతిలోనే దాచుకుంటారు. మీలో చిన్నోడు మొన్న చేసినప్పుడు వాడి కుడిచెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు, తప్పు చేసినవి వాడి కళ్ళు. ఇచ్చేసిన మరుక్షణం కుడిచేతి వైపు ఒక్కసారి చూశాడు, దొంగతనం చేసినవాడు జేబు తడుముకున్నట్టు. ముందు వరసలో పిల్లలు "ఆ చేతిలో ఉంది" అని అరిచారా లేదా? జనం మన చేతిని చూడరు నాన్నా, మన చూపు ఎటు పోతే అటు చూస్తారు. కాబట్టి ముందు నిజంగానే బిళ్ళని ఎడమచేతిలోకి ఇచ్చి చూడు, ఒక యాభై సార్లు. నిజంగా ఇచ్చినప్పుడు కుడిచెయ్యి ఎలా పడిపోతుంది, ఎడమ పిడికిలి ఎంత గట్టిగా ముడుచుకుంటుంది, నీ తల ఎటు వంగుతుంది, అన్నీ గమనించి అబద్ధం చేసేటప్పుడు అచ్చం అలాగే చెయ్యి. ఇంకోటి, మాయమయ్యిందని వెంటనే పిడికిలి తెరవకు. ఎదురుగా ఉన్నావిడని "అమ్మా, బిళ్ళ మీద ఏ సంవత్సరం ఉందో చూశారా" అని అడుగు. ఆవిడ జ్ఞాపకం చేసుకోడానికి ఒక్క క్షణం పైకి చూస్తుంది, మిగతావాళ్ళు ఆవిడని చూస్తారు, ఆ క్షణంలో నీ కుడిచెయ్యి ఏ పని చేసుకున్నా ఎవరికీ పట్టదు, పైగా అక్కడ బిళ్ళ ఉందన్న నమ్మకం అందరి బుర్రలో కూర్చుంటుంది. అప్పుడు తెరువు, ఒక్కో వేలూ.

ఇంక కాపీ కొట్టడం గురించి. ఇది కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేను దెబ్బతిన్నాను. ఇరవై ఏళ్ళప్పుడు ఊరికొచ్చిన ఒక పెద్ద మ్యాజిషియన్ షో చూసి పిచ్చెక్కిపోయాను, నాలుగు రోజులు వరసగా టిక్కెట్టు కొన్నాను, ఆయన మాటలన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను, అవి బెంగాలీ కలిసిన హిందీలో ఉండేవి. అలాటి కోటే కుట్టించుకుని, తలపాగా చుట్టుకుని, రాయగడ దగ్గర ఒక పల్లెలో అవే మాటలు, ఆయన ఎక్కడ నవ్వాడో అక్కడే నవ్వుతూ మొత్తం షో చేశాను. ఒక్కళ్ళు కూడా చప్పట్లు కొట్టలేదు. షో అయ్యాక ఒక ముసలావిడ నా దగ్గరికొచ్చి "ఏటి బాబూ, నువ్వు మాలాగే మాట్లాడతావు కదా, అక్కడెక్కినప్పుడు ఎవరి మాటలు అవి?" అంది. ఆ రాత్రంతా నాకు నిద్రపట్టలేదు. ఆవిడ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇది మనలాటి చిన్నవాళ్ళకే కాదు. విలియం రాబిన్సన్ అని ఒక అమెరికా మ్యాజిషియన్, చింగ్ లింగ్ ఫూ అనే అసలైన చైనా ఇంద్రజాలికుడి పేరు మోగిపోతుంటే చూసి, తనూ చైనావాడి వేషం వేసుకుని చంగ్ లింగ్ సూ అని పేరు పెట్టుకున్నాడు. స్టేజీ మీద ఇంగ్లీషు ముక్క మాట్లాడేవాడు కాదు. 1918లో లండన్‌లో తుపాకీ గుండుని పట్టుకునే ఐటంలో పొరపాటు జరిగి నిజంగానే గుండు తగిలింది, అప్పుడు మొదటిసారి జనం ముందు ఇంగ్లీషులో మాట్లాడాడట, తెర వెయ్యమని. మర్నాడే పోయాడు. గొప్ప పనివాడే, నేను కాదనను, కానీ అన్నేళ్ళు ఇంకొకడి చొక్కాలో బతికాడే అని తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. మన పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు వాడుకభాష కోసం అంత పోరాడారు, ఆ ఊరి పిల్లలు స్టేజీ ఎక్కి "ప్రియమైన ప్రేక్షక మహాశయులారా" అని మొదలెడితే ఎలా? ఇంట్లో అమ్మతో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి. ఎదురుగా ఒడియా వాళ్ళూ, సవర వాళ్ళూ కూడా ఉంటారు కాబట్టి "ఆసొ" (రండి), "దెఖొ" (చూడండి) లాటి నాలుగు ఒడియా మాటలు కలుపుకోండి, ఒక ఐటం పూర్తిగా మాటల్లేకుండా పెట్టుకోండి. అమెరికాలో టెల్లర్ అని ఒకాయన స్టేజీ మీద నోరు విప్పకుండానే జనాన్ని కూర్చోబెడతాడు, ఆయన వీడియోలు చూడండి, మన ఊళ్ళకి చాలా పనికొస్తాయి.

మళ్ళీ చెయ్యమంటే చెయ్యకండి. మొన్న హెడ్‌మాస్టర్ గారు అడిగారని పేకముక్క ట్రిక్కు రెండోసారి చేశారు, ఈసారి ఆయనకి ఎక్కడ చూడాలో తెలిసిపోయింది, దొరికిపోయారు. పేరుమోసిన మ్యాజిషియన్ హుడినీ అంతటివాడు ఏ ట్రిక్కునైనా మూడుసార్లు చూపిస్తే కనిపెట్టేస్తానని చెప్పుకునేవాడు, 1922లో షికాగోలో డై వెర్నన్ అనే కుర్రాడు ఒకే పేకముక్క ఐటం మళ్ళీ మళ్ళీ చూపించినా కనిపెట్టలేకపోయాడు. అది వెర్నన్. మనం అప్పుడే అంతదాకా వెళ్ళొద్దు, "ఇంకోటి చూపిస్తాను సార్, ఇంతకంటే బాగుంటుంది" అని నవ్వుతూ ముందుకెళ్ళండి.

ఒకటి మాత్రం నాకు కష్టంగా అనిపించింది, కోపం తెచ్చుకోకండి. స్టేజీ మీదకి పిలిచిన ఎనిమిదో క్లాసు కుర్రాడి చెవిలోంచి గుడ్డు తీసి "వీడి బుర్రంతా గుడ్లే" అన్నారు. అందరూ నవ్వారు, నిజమే. వాడు మాత్రం నవ్వలేదు, కిందకి దిగేదాకా తల ఎత్తలేదు. ఆ తర్వాత మీరు ఇంకెవర్నైనా రమ్మంటే ఒక్క చెయ్యి లేవలేదు, గమనించారా? మన దగ్గరికి వచ్చినవాళ్ళు మన ఇంటికొచ్చిన చుట్టాలు. వాళ్ళ చేత ఏదో అద్భుతం జరిగినట్టు చెయ్యాలి, చప్పట్లు వాళ్ళకి కొట్టించాలి. ఆ కుర్రాణ్ణి కలిసి ఒక ట్రిక్కు నేర్పండి, ఇది నా మాటగా చెయ్యండి.

వచ్చే ఆదివారం నాలుగింటికి మా అరుగు మీదకి రండి. ఒక్కొక్కళ్ళు ఒక్క ఐటమే తేవాలి, అది బాగా వచ్చినదై ఉండాలి. పక్కింటివాళ్ళని ఓ పదిమందిని పిలుస్తాను. ఒకళ్ళు చేస్తుంటే మిగతావాళ్ళు గుమ్మం పక్కన నిలబడి చూడ్డానికొచ్చినవాళ్ళ మొహాలు చూస్తూ ఎవరు ఎప్పుడు చూపు తిప్పుకున్నారో నోటుబుక్కులో రాయాలి. నా దగ్గర మన ఊరి కొమ్ముపని ఆయన చేసిచ్చిన చిన్న నల్లటి గుండ్లు మూడున్నాయి, ముప్పై ఏళ్ళ నుంచి వాడుతున్నాను, అరిగి నున్నగా అయిపోయాయి. వాటికి సరిపడే స్టీలు గ్లాసులు మూడు తోమి ఉంచుతాను.

మీ తాత