కాలువ లెక్క, బోరు లెక్క

విజయవాడ

చిరంజీవులు చిన్నూకి, బుజ్జమ్మకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మంచి ప్రశ్నే వేశారు. ఇక్కడ బ్యారేజీ గేట్లెత్తి అన్ని నీళ్లు సముద్రంలోకి వదిలేస్తుంటే, ఎండాకాలం హైదరాబాద్‌లో మీ అపార్ట్‌మెంట్ బోరు ఎందుకు ఎండుతోందని కదా! తీరిగ్గా చెప్పాల్సిన సంగతి, అందుకే ఉత్తరం.

ముందు వరద. మన ప్రకాశం బ్యారేజీ కిలోమీటరుకు పైగా పొడవుంటుంది గానీ, దాని వెనక ఆగేది సుమారు 3 టీఎంసీలే. 2024 సెప్టెంబరు మొదట్లో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కాగితం మీద భాగించి చూడండి, ఖాళీ బ్యారేజీ ముప్పావు గంటలో నిండిపోతుంది. ఇక గేట్లెత్తక ఏం చేస్తారు? 1957లో పూర్తయిన ఈ కట్టడం పని నీటిమట్టం పెంచి కాలువల్లోకి మళ్లించడమే. దాచే పని ఎగువన శ్రీశైలం, సాగర్, పులిచింతల చూసుకుంటాయి. పైగా మీ ఊరు మాకంటే దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి వరద మీ బోరు దాకా ఎక్కి రాదు.

అయినా మీదీ కృష్ణ నేలే. మీ మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోనే కలుస్తుంది. మహాబలేశ్వరం నుంచి హంసలదీవి దాకా ఈ నదికి నీళ్లిచ్చే పరీవాహక ప్రాంతం సుమారు 2.59 లక్షల చదరపు కిలోమీటర్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో మీ డాబా మీద పడే వాన కూడా అందులోదే.

ఇప్పుడు బోరు. మీ కిందంతా గ్రానైట్. నీళ్లు నిలిచేది పైన మెత్తబడ్డ మొరంలో, ఆ కింద రాతి పగుళ్లలో. బోరు వేస్తుంటే మొదట ఎర్రమట్టి వస్తుంది, తర్వాత మొరం, ఆ తర్వాత గంటల తరబడి తెల్ల దుమ్ము. పగులు తగిలితే ఆ దుమ్ము తడిసి బురదై పడుతుంది. లేదంటే డబ్బులు పోయినట్టే. పక్కింటివాళ్లు ఇంకా లోతుగా వేసుకుంటే కొత్త నీళ్లేం పుట్టవు, మీ పగుల్లోవే అటు దిగుతాయి.

డెల్టా తీరు వేరు. ఇక్కడ ఇసుక, బంకమన్ను పొరలు. కాలువలు పారినన్నాళ్లు బావుల్లో నీళ్లు పైకే ఉంటాయి, కాలువలకు నీళ్లు ఆపేశాక దిగుతాయి. సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు బెడద. బాపట్ల ఇసుక నేలల్లో వాన నీరు తేలిక గనక ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. అక్కడి రైతులు దొరువులు తవ్వుతారు, అంటే లోతు తక్కువ గుంటలు. ఊరినంత తోడి, మళ్లీ ఊరేదాకా ఆగుతారు. ఆశపడి పెద్ద మోటారు పెట్టారా, కింది ఉప్పు పైకి తన్నుకొస్తుంది. బాపట్ల పరిశోధన కేంద్రం వాళ్లు ఇసుకలో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, నీరు పక్కలనుంచి గుంటలోకి చేరేలా చేశారు. లోతుకు పోకుండానే నీళ్లు పెరిగాయి. ఎంత తెలివైన పనో!

ఇక పంపకాల లెక్క. కృష్ణ నీళ్లు రాష్ట్రాల మధ్య పంచడానికి 1969లో వేసిన బచావత్ ట్రైబ్యునల్, నాలుగేళ్లలో మూడేళ్లు కృష్ణలో ఖాయంగా దొరికేది 2,060 టీఎంసీలని తేల్చి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. చేలకు పెట్టిన నీళ్లలో కొంత తిరిగి ఏట్లోకి వస్తుందని దానికీ లెక్క కట్టింది. భూగర్భ జలం ఎంత తోడుకున్నా అది కృష్ణ నీటి వాడకం కిందికి రాదని మాత్రం రాసింది. అప్పటికి బోర్లు తక్కువ, సరే. కానీ ఇక్కడే నాకు పేచీ. వానలు లేని నెలల్లో వాగుల్లో పారేది భూమిలోంచి వచ్చే ఊటే. ఆ ఊట ఏట్లో పడ్డాక నదిదైతే, పడకముందే బోరుతో లాగేసింది ఎవరిది? ఎగువన మనం లాగిన ప్రతి బిందెకూ దిగువన ఎక్కడో ఒక వాగు కాస్త ముందే ఎండుతుంది.

దసరా సెలవులకు వచ్చేలోపు ఒక పని చేయండి. మీ అపార్ట్‌మెంట్‌లో ఇంకుడు గుంత ఎక్కడుందో, డాబా గొట్టం దాన్లోకి కలిపారో, డ్రైనేజీలోకి వదిలేశారో వాచ్‌మన్‌ని అడిగి నాకు చెప్పండి.

ప్రేమతో,
తాతయ్య