నురుగు ముద్ద లోపల

మొక్క కాండం మీద ఎవరో ఉమ్మినట్లున్న తెల్లని నురుగు ఫోటో పంపి, ఇది తెగులా, పురుగైతే ఏ పురుగు అని ఒక పాఠకుడు అడిగారు. గడ్డిపరకతో ఆ నురుగును మెల్లగా పక్కకు తీస్తే, లేత పసుపు లేదా ఆకుపచ్చ రంగులో రెక్కలింకా రాని మెత్తని పిల్ల పురుగు ఒకటి, తరచుగా తల కిందికి పెట్టుకొని, కాండాన్ని కరచుకొని కనిపిస్తుంది. కదలకుండా చూస్తూ ఉంటే కాసేపటికి పొట్ట చివరను ఆడిస్తూ మళ్లీ బుడగలు కట్టుకోవడం మొదలుపెడుతుంది. ఇదే స్పిటిల్ బగ్. నురుగు పురుగు అందాం. సుమారు 1400 ఏళ్ల క్రితం స్పెయిన్‌లోని సెవిల్‌కు చెందిన ఇసిడోర్ అనే పండితుడు, చెట్ల మీద గీపెట్టే సికాడా పురుగులు కోకిల ఉమ్మిలోంచి పుడతాయని రాశాడు. నవ్వుకోవచ్చు గాని, నురుగులోంచి పురుగు రావడాన్ని ఎవరో శ్రద్ధగా గమనించి ఉండాలి; పైగా జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ కూడా 1758లో దీనిని సికాడాల ప్రజాతిలోనే చేర్చాడు.

ఈ పురుగు కథంతా అది ఏ నాళంలో మూతి పెట్టిందన్న దానిలోనే ఉంది. పేనుబంక చక్కెర రసం ప్రవహించే పోషక కణజాలంలో సూదిమూతిని దింపుతుంది. అక్కడ పీడనం ఎక్కువ కనుక రసం దానంతటదే నోటికి వస్తుంది. నురుగు పురుగు దింపేది వేళ్ల నుంచి నీటిని పైకి చేర్చే దారువులోకి. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతున్న కొద్దీ, ఒకదాన్నొకటి అంటిపెట్టుకున్న నీటి అణువులు కింది నీటిని తాడులా పైకి లాగుతాయి. ఆ తాడును ఒక పక్క మొక్క మొత్తం లాగుతుంటే, గోరంత కూడా లేని పురుగు దానిని తన వైపు లాక్కోవాలి. మామూలు పంపు, లోపలి గాలినంతా తీసేసినా, బయటి గాలి పీడనమే నీటిని నెట్టాలి కనుక 10 మీటర్ల లోతుకు మించి తోడలేదు. ఈ పురుగు 1 మెగాపాస్కల్‌కు మించిన బలంతో పీల్చగలదని 2021లో వెలువడిన పరిశోధన చూపింది; అది 100 మీటర్ల నీటి స్తంభాన్ని వేలాడదీయగల లాగుడు. పురుగు నోటిలో గాలి బుడగకు చోటివ్వని ఎడతెగని నీరే ఉంటుంది కాబట్టి తాడు తెగదు. ఆ లాగుడుకు కావలసిన కండరాలు దాని ఉబ్బిన ముఖంలో ఉన్నాయి. ముఖం మీది అడ్డగీతలు అవి అతుక్కున్న చోట్లే.

ఇంత కష్టపడి తాగేది దాదాపు నీరే. పోషకాలు చాలాలంటే రోజుకు తన బరువుకు నూరు రెట్లకు పైగా తాగాలి. 60 కిలోల మనిషి 6,000 లీటర్లు తాగడంతో సమానం. రసంలో కొరవడిన అమైనో ఆమ్లాలను ఒంట్లో కాపురమున్న బాక్టీరియాలు తయారుచేస్తాయి. మిగిలిన నీటికి, పురుగుల విసర్జక అవయవాలైన మాల్పీజియన్ నాళికల జిగురు కలుస్తుంది; పొట్ట అడుగున ఉన్న కాలువలోని గాలిని అందులోకి ఊది పురుగు నురుగు కడుతుంది. పొట్ట చివరను అప్పుడప్పుడు పైకి పెట్టి గాలి తీసుకుంటుంది. ఎండకు ఒళ్లు ఆరిపోకుండా, చీమల వంటివి దగ్గరకు రాకుండా ఆ ముద్ద కాపాడుతుంది.

రెక్కలొచ్చిన పురుగు నురుగు కట్టదు, గెంతుతుంది. దానిని పచ్చదోమతో పొరబడడం సులువు. వెనుక కాలిని భూతద్దంలో చూడండి: పచ్చదోమకు ముళ్లు వరుసగా పొడవునా ఉంటాయి, దీనికి ఒకటి రెండు బలమైన ముళ్లు, కొసన ముళ్ల కిరీటం ఉంటాయి. రంగును నమ్మవద్దు, 5–7 మిల్లీమీటర్ల ఫిలీనస్ స్పుమారియస్ అనే ఒక్క జాతిలోనే పదికి పైగా రంగు రూపాలున్నాయి. నా దృష్టిలో రంగు కన్నా అది బతికే చోటు మేలైన ఆధారం. ఫిలీనస్ వందలాది రకాల మొక్కల మీద బతుకుతుంది. నియోఫిలీనస్ లీనియేటస్ అనే మరో నురుగు పురుగు గడ్డి జాతులను అంటిపెట్టుకుంటుంది. ఎరుపు నలుపు రంగుల సెర్కోపిస్ వల్నెరాటా పిల్లలు నేల కింద వేళ్ల మీదే నురుగు కట్టుకుంటాయి.

నురుగు వల్ల మొక్కకు సాధారణంగా పెద్ద నష్టం ఉండదు. భయపడవలసింది, దారువులో బతికే జైలెల్లా బాక్టీరియాను రెక్కల పురుగులు ఒక మొక్క నుంచి మరొక మొక్కకు మోసుకెళ్లే చోట్ల; ఇటలీలోని అపూలియాలో ఆలివ్ చెట్లు ఎండిపోవడానికి ఆ బాక్టీరియాయే కారణమని 2013లో గుర్తించారు. ఇక పాఠకుడి పురుగు జాతి చెప్పాలంటే ఆ మొక్క ఏదో తెలియాలి. ఫోటోలో నురుగు నిండుగా ఉంది గాని, ఒక్క ఆకు కూడా పడలేదు.