సీలు మార్చినా ఆయిల్ ఎందుకు కారుతుంది?

‘పాత కారు కింద నల్లటి మరక పడుతోంది. మెకానిక్ క్రాంక్ ఆయిల్ సీల్ (ఇంజన్‌లోంచి బయటికొచ్చే క్రాంక్ షాఫ్టు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయం) మార్చాడు. ఆర్నెల్లు తిరక్కుండానే మళ్లీ మొదలైంది. ఈసారి కంపెనీ సీలే వేయించాను, అయినా కారుతోంది. ఎందుకు?’ అని హనుమకొండ నుంచి ఒకాయన అడిగారు. బండి 2004 నాటి చిన్న పెట్రోల్ కారు. మధ్యలో కొండగట్టుకు తీసుకెళ్లి పూజ కూడా చేయించారట. పూజకు నేనేమీ అడ్డు చెప్పను కానీ, బంపర్‌కు కట్టిన నిమ్మకాయ ఇంజన్ లోపలి పీడనాన్ని తగ్గించలేదు. ఇందులో అసలు దొంగ ఆ పీడనమేనని నా అనుమానం.

ఇంజన్‌కు ఆయిల్ ఎందుకు, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అనేవి వరంగల్ ఆటోనగర్‌లో ఏ షెడ్డుకు వెళ్లినా చెబుతారు. కాబట్టి అవి వదిలేస్తున్నా. బోనెట్ ఎత్తినప్పుడు ఎవరికీ కనిపించని విషయం ఒకటుంది, దాని సంగతి చూద్దాం.

పిస్టన్‌కు తొడిగిన రింగు పూర్తి వలయం కాదు. వేడికి సాగాలి కాబట్టి దాని రెండు కొసల మధ్య సన్నటి సందు ఉంటుంది. పెట్రోలు మండినప్పుడల్లా ఆ వాయువులో కొంచెం రింగుల సందుల్లోంచి జారి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, అంటే ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. మెకానిక్‌లు ‘బ్యాక్ కంప్రెషన్ కొడుతుంది సార్’ అనేది దీన్నే. కొత్త ఇంజన్‌లోనూ ఇది ఉంటుంది, రింగులు అరిగిన ఇంజన్‌లో ఎక్కువగా ఉంటుంది. అలా దిగిన గాలి బయటికి పోవడానికే బ్రీదర్ పైపు పెడతారు. ఒకప్పుడు ఆ పైపును నేరుగా రోడ్డు మీదికే వదిలేసేవారు. వాహనాల పొగతో కమ్ముకునే మసక (స్మాగ్) బెడద భరించలేక కాలిఫోర్నియా రాష్ట్రం 1961లో కొత్త కార్లన్నిటికీ ఆ గాలిని తిరిగి ఇంజన్‌లోకే పంపి కాల్చేసే ఏర్పాటు ఉండాలంది. ఇవాళ మన కార్లలో పీసీవీ వాల్వ్ అనేది ఆ ఏర్పాటే. కొన్ని పాత బండ్లలో వాల్వ్ ఉండదు, ఎయిర్ ఫిల్టర్ దాకా ఉత్త రబ్బరు పైపే ఉంటుంది.

ఇప్పుడు వంటింట్లోకి రండి. కుక్కర్‌లో కందిపప్పు పొంగి విజిల్ రంధ్రంలో ఇరుక్కుందనుకోండి. ఆవిరికి దారి మూసుకుపోయింది కాబట్టి అది మూత అంచున గాస్కెట్‌ను తోసుకుని బుస్సుమంటుంది. గాస్కెట్ పోయిందని కొత్తది కొనుక్కొస్తారు. అదీ నాలుగు రోజులకే బుస్సుమంటుంది. గాస్కెట్ల కంపెనీని తిట్టుకుంటాం తప్ప, ఒక పుల్ల తీసుకుని విజిల్ రంధ్రంలో పొడవాలని తోచదు. హనుమకొండ కారుకు జరిగింది ఇదే అయి ఉంటుంది. బ్రీదరే విజిల్, క్రాంక్ సీలే గాస్కెట్. కాకపోతే పోలిక ఒకచోట తేడా కొడుతుంది. కుక్కర్‌లో బయటి గాలి కన్నా దాదాపు 100 కిలోపాస్కల్ (పీడనానికి కొలమానం) ఎక్కువ పీడనం ఉంటుంది. ఇంజన్ చాంబర్‌లో 2 కిలోపాస్కల్ ఉన్నా ఎక్కువే. అందులో యాభయ్యో వంతు! అంత చిన్న పీడనం ఏం చేస్తుందని అనిపిస్తుంది.

లెక్క వేద్దాం. చాంబర్ 35 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే వైశాల్యం 700 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 2 కిలోపాస్కల్ అంటే 140 న్యూటన్లు, సుమారు 14 కిలోల బరువు. బండి నడుస్తున్నంతసేపూ అంత బలం ప్యాకింగ్‌ను ఊడదీయాలని చూస్తుంటుంది. పీడనం అంటే బలం భాగించు వైశాల్యం అని బడిలో రెండు మార్కుల కోసం బట్టీ కొట్టించే బదులు, పిల్లలను ఒకసారి షెడ్డుకు తీసుకెళ్లి చాంబర్ కొలిపిస్తే ఆ సూత్రం జన్మలో మరిచిపోరు.

సీలు సంగతి ఇంకా సూక్ష్మం. 35 మిల్లీమీటర్ల మందం ఉన్న క్రాంక్ షాఫ్టు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని ఉపరితలం సెకనుకు 5.5 మీటర్ల వేగంతో సీలు పెదవి కింద, అంటే షాఫ్టును తాకే రబ్బరు అంచు కింద జారుతుంది. రెండింటి మధ్య ఒకటి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఆయిల్ పొర ఉంటుంది. పెదవి ఆయిల్ వైపు నిటారుగా, గాలి వైపు ఏటవాలుగా ఉంటుంది. ఈ తేడా వల్ల షాఫ్టు తిరుగుతుంటే ఆ పొరలోని ఆయిల్ బయటికి కాకుండా లోపలికే తోసుకుపోతుంది. అంటే మంచి సీలు ఉత్త అడ్డుగోడ కాదు, అదొక చిన్న పంపు! తిరగేసి బిగిస్తే అదే పంపు ఆయిల్‌ను బయటికి తోడేస్తుంది. లోపల పీడనం పెరిగితే పెదవి షాఫ్టును మరింత నొక్కుతుంది. రాపిడికి వేడెక్కి రబ్బరు గట్టిపడుతుంది, సాగే గుణం పోతుంది. ఆర్నెల్లకే కొత్త సీలు పాతబడేది ఇలాగే. పాత సీలు షాఫ్టు మీద గాడి చేసి ఉంటే, కొత్తదాన్ని సరిగ్గా ఆ గాడిలోనే కూర్చోబెట్టినా కారుతుంది. అందుకే తెలిసిన మెకానిక్ వీలుంటే దాన్ని ఒక మిల్లీమీటరు జరిపి కొడతాడు.

మరి బ్రీదర్ ఎందుకు మూసుకుపోతుంది? లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. చాలామంది నమ్మరు కానీ నిజం. ఆ నీటి ఆవిరిలో కొంత చాంబర్‌లోకీ దిగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఎగిరిపోతుంది. చౌరస్తా నుంచి సుబేదారి దాకా వెళ్లి ఆపేసే కారులో ఎగరదు, ఆయిల్‌తో కలిసి పసుపుపచ్చటి జిడ్డుగా పైపుకు పట్టుకుంటుంది. ఆయిల్ పోసే మూత తిప్పి లోపల వేలితో రాసి చూడండి, తెలుస్తుంది.

పీడనం కొలవడానికి ఖరీదైన మీటరేమీ అక్కర్లేదు. మేస్త్రీలు మట్టం చూడ్డానికి వాడే పారదర్శకమైన లెవెల్ పైపు చాలు. యూ ఆకారంలో వంచి, అరమీటరు ఎత్తున నిలబెట్టి సగం దాకా నీళ్లు పోసి, ఒక కొసను డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసేసి దాని గొట్టానికి బిగించండి. ఇంజన్ నడుస్తుండగా అటువైపు నీళ్లు కొంచెం పైకి లేస్తే బ్రీదర్ లాగుతోందన్నమాట, మంచిదే. కిందికి దిగితే లోపల పీడనం పేరుకుంటోంది. రెండు మట్టాల మధ్య 10 సెంటీమీటర్ల తేడాకు 1 కిలోపాస్కల్. ఫ్యాన్ బెల్టుకు పైపు తగలకుండా చూసుకోండి.

దీనికన్నా ముందు లీకు నిజంగా క్రాంక్ సీలుదేనా అన్నది తేల్చుకోవాలి. ఇంజన్ పైమూత, అంటే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి కారిన ఆయిల్ ఇంజన్ వెనక గోడ మీదుగా దిగి, సరిగ్గా గేర్‌బాక్స్ మొదట్లో చుక్క కడుతుంది. చూసినవాళ్లు వెనక సీలు పోయిందంటారు, గేర్‌బాక్స్ దించుతారు. కరీంనగర్ దాకా హైవే మీద వెళ్లొస్తే గాలికి ఆ నూనె మరింత వెనక్కి పాకుతుంది, దానికి దుమ్ము పట్టి అంతా ఒకటే నలుపు. అందుకే చల్లారిన ఇంజన్‌ను కడిగించి, బాగా ఆరాక అనుమానమున్న చోటల్లా ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి, కాసేపు నడిపి ఆపాలి. తెల్లటి పౌడర్ మీద తడి గీత మొదట ఎక్కడ పుట్టిందో చూడాలి. చుక్క పడే చోటు కాదు, గీతకు అన్నిటికన్నా పై కొస ముఖ్యం. ఇంజన్ చల్లగా ఉండగా ఏమీ కనిపించకపోవచ్చు. 20డబ్ల్యూ-50 రకం ఇంజన్ ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళ్లేసరికి సుమారు తొమ్మిదో వంతుకు పడిపోతుంది.

బ్రీదర్ శుభ్రం చేసినా నీళ్లు కిందికే దిగుతుంటే రింగుల మీద అనుమానపడాలి. కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి పీడనం) కొలిచి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులో, బోరో (పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టే. అప్పుడు మూడో సీలు వేయించడం శుద్ధ దండగ. ఇరవై ఏళ్ల బండికి బోరు పని చేయించాలా అంటే, నేనైతే చేయించను. వారానికోసారి డిప్‌స్టిక్ చూసి, తగ్గినంత పోసుకుంటూ నడిపేస్తాను. ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి పొగ లేస్తుంటే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. నిప్పంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఆ లీకు ఆ రోజే చేయించాలి.